పాత లూర్లకు మళ్లీ రంగు: ఏ బాడీకి ఏ పద్ధతి, ఏ పైపూత

చేపలను ఆకర్షించేందుకు గాలంతో వాడే కృత్రిమ ఎరలే లూర్లు. కొన్నేళ్లు వాడిన లూర్ల పెట్టె తెరిచి చూస్తే రంగు పాడైన తీరు అన్నింటిలో ఒకేలా ఉండదు. కొన్నింటికి పొట్ట కింద, మూడు ముళ్ల గాలం అటూఇటూ ఊగి రాసుకున్న చోట, అర్ధచంద్రాకారంలో గాడి పడి లోపలి తెల్లటి ప్లాస్టిక్ బయటపడుతుంది. కొన్నింటికి చెరువు కట్ట రివిట్‌మెంట్ రాళ్లకు తగిలి ముక్కు దగ్గర పెచ్చులు ఊడతాయి. ఇంకొన్నింటికి ఏ దెబ్బా తగలకపోయినా రంగు జిగటగా మారి, బొబ్బలెక్కి, వేలు పెడితే ముద్ర పడుతుంది. రబ్బరులా సాగే పురుగు లూర్లను, కప్ప లూర్లను గట్టి లూర్లతో కలిపి ఒకే అరలో ఉంచినందువల్ల వచ్చే చేటు ఇది. మెత్తదనం కోసం వాటిలో కలిపే నూనెలాంటి రసాయనం నెమ్మదిగా బయటికి ఊరి, పక్కనున్న లూర్ రంగును, ఒక్కోసారి రంగు కింది ప్లాస్టిక్‌ను కూడా కరిగిస్తుంది.

ఈ మూడింటికీ ఒకే వైద్యం లేదు. తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల చెరువుల్లో అనుమతి తీసుకుని కొర్రమీనుకు, వాలుగకు లూర్ వేసేవారు సాధారణంగా అడిగేది ఏ మందుతో రంగు ఒలవాలి, ఏ రంగు కొనాలి అని. ఆ రెండు ప్రశ్నలకన్నా ముందు తేల్చుకోవలసింది ఆ లూర్ దేనితో చేసిందన్నది. ఆ తర్వాత నా సలహా ఏమిటంటే, ఒలవడం వీలైనంత తగ్గించాలి, పెట్టే డబ్బు, పట్టే ఓపిక ఎక్కువగా పైపూత మీద పెట్టాలి.

## ముందుగా చూసుకోవలసినవి

గట్టి లూర్లలో ఎక్కువ భాగం ఏబీఎస్ ప్లాస్టిక్‌వి. రెండు సగాలను అతికించి, లోపల బోలుగా చేస్తారు; చెవి దగ్గర ఊపితే గుండ్లు గలగలమంటాయి, వీపు మీదుగా సన్నని అతుకు గీత కనిపిస్తుంది. కొయ్య లూర్లకు ఆ అతుకు ఉండదు. గాలం తగిలించే కొక్కెం స్క్రూ రూపంలోనో తీగ రూపంలోనో కొయ్యలోకి దిగి ఉంటుంది. స్పూన్లు (చెంచా గిన్నె ఆకారపు లూర్లు), స్పిన్నర్ ఆకులు (నీటిలో గిర్రున తిరిగే రేకులు) ఇత్తడి, రాగి లేదా ఉక్కు రేకువి. జిగ్ తలలు, అంటే గాలం మెడ దగ్గర బరువు కోసం పోసిన గుండ్లు, ఎక్కువగా సీసంతో పోసినవి. ఈ తేడా తెలియకుండా థిన్నర్ సీసా మూత తీయకూడదు.

రెండవ విషయం బరువు. 7 గ్రాముల లూర్‌పై అర గ్రాము పూత చేరితే బరువు ఏడు శాతం పెరిగినట్లు. నీటి మీద తేలే పాపర్‌కు ఇది పెద్ద సంగతి కాకపోవచ్చు గానీ, నీటి మధ్యలో నిలిచి ఉండేలా తూకం కుదిర్చి చేసిన లూర్ అయితే మునగడం మొదలుపెడుతుంది. పాత రంగు తీయకుండా దాని మీద కొత్త రంగు, ఆపైన మందమైన ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే రెసిన్) వేసేవారు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. బంగారు కొట్టులో వాడే రకం చిన్న డిజిటల్ త్రాసు ఒకటి ఉంటే పనికి ముందు, తర్వాత తూచి చూసుకోవచ్చు.

మూడవది మీరుండే ఇల్లు. అద్దె పోర్షన్‌లో, పక్క గదిలో పసిపిల్లలో పెద్దవాళ్లో ఉన్నచోట ఘాటైన ద్రావకాల పని పెట్టుకోకూడదు. డాబా ఉన్నవారి సంగతి వేరు.

ఇక కాలం. మన వైపు ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, గాలిలో తేమ. మండుటెండలో స్ప్రే రంగు లూర్‌ను చేరేలోపే గాలిలో ఆరి, పైన ఇసుక చల్లినట్లు గరుకుగా పడుతుంది. వాన రోజుల్లో నెయిల్ పాలిష్, ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) లక్కర్ లాంటివి తేమ పట్టి పాలిపోయినట్లు తెల్లబడతాయి, ఎపాక్సీ మీద జిడ్డు పొర తేలుతుంది. ఈ పనికి జనవరి నుంచి మార్చి మధ్య దాకా దొరికే పొడి ఉదయాలకు సాటి లేదు. వేసవిలోనే చేయక తప్పకపోతే ఎండెక్కక ముందు ముగించాలి.

## ఒలవడం: ఏది దేనికి

| పద్ధతి | గట్టి ప్లాస్టిక్ | కొయ్య | లోహం |
|---|---|---|---|
| వాటర్ పేపర్‌తో (తడిపి వాడే ఉప్పుకాగితం) తడి రుద్దుడు | అన్నింటికన్నా క్షేమం | తడి వద్దు, పొడిగా మాత్రమే | గీతలు పడతాయి |
| ఐసోప్రొపైల్ ఆల్కహాల్ | ఆక్రిలిక్ రంగు వదులుతుంది, ఎపాక్సీ కదలదు | గుడ్డతో తుడవడం వరకే | ఫలితం తక్కువ |
| అసిటోన్, ఎన్‌సీ థిన్నర్ | బాడీ కరుగుతుంది | గుడ్డతో, కొద్దికొద్దిగా | చాలా మంచిది |
| కొట్లో అమ్మే పెయింట్ రిమూవర్ | వద్దు | జాగ్రత్తగా | మంచిది |
| వేడిగాలి గన్ | వంకరపోతుంది | తక్కువ వేడిలో | అవసరం రాదు |

ప్లాస్టిక్ విషయంలో ఎక్కువమంది నష్టపోయేది నెయిల్ పాలిష్ రిమూవర్‌తో. దానిలో సాధారణంగా ఉండేది అసిటోన్, ఆ అసిటోన్ ఏబీఎస్‌ను కరిగిస్తుంది. దూదితో తుడవగానే రంగుతోపాటు పొలుసుల చెక్కుడు కూడా కలిసిపోయి, కంటి గుంట అంచులు చెరిగి, బాడీ బంకగా మారుతుంది. ఆరాక గట్టిపడినా ఆ చెక్కుడు మళ్లీ రాదు. నీటిలోకి దూకించే పారదర్శకపు పెదవి ఉన్న లూర్లలో ఆ పెదవి ఎక్కువగా పాలీకార్బొనేట్. దానికి అసిటోన్ తగిలితే మబ్బు కమ్మి, సన్నని పగుళ్లు పట్టి, తర్వాత రాయికి తగిలినప్పుడు విరిగిపోతుంది.

కాబట్టి ప్లాస్టిక్ లూర్‌కు నేను సూచించేది వాటర్ పేపరే. హార్డ్‌వేర్ కొట్టులో 400, 600, 1000 నంబర్లు ఒక్కొక్క షీటు తెచ్చుకుని, వేలెడు వెడల్పు ముక్కలుగా చించి, గిన్నెలో నీళ్లు పెట్టుకుని, రెండు చుక్కల గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి రుద్దాలి. 400తో పైపూత మెరుపు పోయి లూర్ అంతా ఒకే విధంగా మసకబారితే చాలు. కింది రంగు గట్టిగా పట్టుకుని ఉన్నచోట దాన్ని తీయనవసరం లేదు. ఊడిన పెచ్చు అంచు మాత్రం వేలి గోటికి తగలనంత వరకు 600తో నున్నగా చేయాలి. ఆ అంచు తగులుతూ ఉంటే ఎంత రంగు వేసినా పైన మెట్టులా కనిపిస్తుంది, తర్వాతి దెబ్బకు ఊడేది కూడా అక్కడి నుంచే. పొలుసుల సందుల్లోకి కాగితం పోదు. పాత టూత్‌బ్రష్ చాలు.

పూర్తిగా ఒలవవలసింది జిగట పట్టిన వాటిని, రంగు పొరలు పొరలుగా లేచిన వాటిని మాత్రమే. అప్పుడు ఆల్కహాల్ పనికివస్తుంది. కంపెనీ పైపూత దాన్ని లోపలికి పోనివ్వదు గనక ముందు పేపర్‌తో పైపూత గీరి, ఆల్కహాల్‌లో తడిపిన దూదిని లూర్ చుట్టూ చుట్టి, పైన ప్లాస్టిక్ కవరు బిగించి కొంతసేపు ఉంచి, తర్వాత టూత్‌బ్రష్‌తో తోమాలి. సీసాలో ముంచి వదిలేయడం కన్నా ఇదే మంచిది, ఎందుకంటే పాత లూర్ అతుకులోంచి ద్రవం లోపలికి దిగితే బయటికి తీయడం కష్టం. పారదర్శకమైన బాడీ అయితే రుద్దిన చోట మసకబారిందని దిగులు పడనక్కరలేదు; సన్నని గీతలను పైపూత నింపేసి మెరుపును తిరిగి తెస్తుంది.

బ్రేక్ ఆయిల్‌లో నానబెట్టే పద్ధతి బొమ్మ విమానాలు, కార్లు చేసేవారిలో ఉంది. ప్లాస్టిక్‌ను కరిగించకుండా రంగు ఊడదీస్తుందన్నది నిజమే గానీ, చర్మానికి మంచిది కాదు, పూర్తిగా కడగకపోతే కొత్త రంగు పట్టదు. ఆల్కహాల్ దొరుకుతున్నప్పుడు దాని జోలికి పోవలసిన పని లేదు.

కొయ్య లూర్లకు నీళ్లే శత్రువు. ఎక్కువగా వాడే బాల్సా చాలా మెత్తని కొయ్య. తడి తగిలితే ఉబ్బి, ఆరాక కుంచించుకుని, పైనున్న పూతను పగలగొడుతుంది. పొడి ఉప్పుకాగితంతో, ముక్కుకు మాస్క్ కట్టుకుని, కింద పాత న్యూస్‌పేపర్ పరచుకుని రుద్దాలి. మన దేశంలో ఇళ్లకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదన్న నిబంధన 2016లో వచ్చి, 2017 నవంబరు నుంచి అమలైంది. అంతకు ముందు ఎవరైనా ఇంట్లో మిగిలిన ఎనామెల్‌తో రంగు వేసిన లూర్ అయితే ఆ ధూళిని మామూలు దుమ్ముగా తీసుకోకూడదు. పిల్లలున్న గదిలో ఈ పని వద్దే వద్దు. ఒలిచిన కొయ్యకు రంగు కన్నా ముందు పల్చని ఎపాక్సీనో, కొయ్య రంధ్రాలు పూడ్చే శాండింగ్ సీలరో పట్టించి, కొక్కెం స్క్రూ రంధ్రంలోకి కూడా ఒక చుక్క దించాలి. నీరు మొదట చొరబడేది ఆ రంధ్రంలోంచే. రాళ్లకు తగిలి పడిన గుంటలను కారు పెయింటర్లు వాడే లప్పంతో పూడ్చవచ్చు గానీ, ఒకే వైపు ఎక్కువ పెట్టకూడదు. లూర్ ఆ వైపుకు వాలుతుంది.

గాజు కళ్లు పెట్టిన దొరల కాలపు కొయ్య లూర్ తాతగారి పెట్టెలో దొరికితే మాత్రం దాన్ని ఒలవకండి, రుద్దకండి, వార్నిష్ కూడా వేయకండి. పగిలిన పాత రంగుతో ఉన్నప్పుడే దానికి విలువ. కొత్త రంగు వేసిన రోజే సేకరణకర్తల దృష్టిలో అది మామూలు కొయ్యముక్క అవుతుంది.

లోహం పని సులువు. గాజు సీసాలో థిన్నర్ పోసి, స్పూన్ వేసి, మూత బిగించి డాబా మీద నీడలో రాత్రంతా ఉంచితే రంగు తొక్కలా లేస్తుంది. ఇత్తడి అయితే తర్వాత చింతపండు, ఉప్పు పెట్టి తోమితే పూజ సామానులా తళతళలాడుతుంది. ఒక వైపు ఆ మెరుపు అలాగే వదిలి, రెండో వైపు మాత్రమే రంగు వేయడం నాకు నచ్చిన పద్ధతి. నీటిలో తిరిగేటప్పుడు వెలుగు, నీడ మారుతూ కనిపిస్తాయి. నికెల్ పూత ఉన్న స్పూన్ నున్నటి ఉపరితలం మీద రంగు నిలవదు కాబట్టి రంగు వేసే వైపు 400తో గరుకు చేయాలి. తడ, సూళ్లూరుపేట వైపు ఉప్పునీటిలో వాడేవారు ప్రైమర్ మానకూడదు. చిన్న గాటు దొరికినా ఉప్పు రంగు కింద పాకుతుంది. సీసపు జిగ్ తలలను పొడిగా రుద్దవద్దు, పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి. మిగిలిన థిన్నర్‌ను కాలువలోకో కుంటలోకో పోయకుండా మూత పెట్టి ఉంచితే మడ్డి అడుగుకు దిగుతుంది, పైతేట మళ్లీ వాడుకోవచ్చు.

## రంగు: బ్రష్షా, డబ్బా స్ప్రేనా, ఎయిర్‌బ్రష్షా

బ్రష్‌తో ఆక్రిలిక్. స్టేషనరీ కొట్లలో దొరికే ఫెవిక్రిల్, క్యామెల్ ఆక్రిలిక్ రంగులు నీటితో కలిసేవి, వాసన లేనివి, ప్లాస్టిక్‌ను తినవు. అద్దె ఇంట్లో ఉండేవారికి, హాస్టల్ కుర్రాళ్లకు, నాలుగైదు లూర్లు మాత్రమే ఉన్నవారికి ఇదే నా సిఫారసు. లోపం ఏమిటంటే వీపు ముదురు రంగు నుంచి పొట్ట తెలుపుకు జారే మెత్తని కలయిక బ్రష్‌తో రాదు. బ్రష్ బదులు చిన్న స్పాంజి ముక్కతో అద్దితే కొంతవరకు వస్తుంది. చేపకు ఈ లోపం పట్టదని, అది మన కంటికే పెద్దగా కనిపిస్తుందని నా నమ్మకం.

నెయిల్ పాలిష్. స్పూన్లకు, జిగ్ తలలకు చక్కగా సరిపోతుంది, రంగులకు కొదవ లేదు, చిన్న బ్రష్ సీసాలోనే ఉంటుంది. ప్లాస్టిక్ మీద నేరుగా మందంగా వేస్తే అందులోని ద్రావకం బాడీని కొరుకుతుంది.

డబ్బా స్ప్రే. త్వరగా అవుతుంది, నున్నగా వస్తుంది. అయితే ఇందులోనూ ఘాటైన ద్రావకం ఉంటుంది కాబట్టి ప్లాస్టిక్ మీద మొదటి పూత పొగమంచులా పలచగా, అడుగు దూరం నుంచి వేసి, ఆరాక రెండోది వేయాలి. డబ్బాను ఊపుతూ లూర్ అంచు దాటాక వేలు తీయాలి. లూర్ మీదే ఆపితే కారుతుంది. ఎనామెల్ రంగు మీద లక్కర్ స్ప్రే కొడితే కింది రంగు ముడతలు పడి లేస్తుంది, కాబట్టి ఒక లూర్‌పై ఒకే జాతి రంగులు వాడాలి. పొలుసుల కోసం ఒళ్లు రుద్దుకునే స్క్రబ్బర్ వలనో, వెల్లుల్లి అమ్మే వల సంచినో లూర్ చుట్టూ బిగువుగా లాగి, బట్టల క్లిప్పులు పెట్టి, పైన ముదురు రంగు కొట్టాలి. వల తీసే ముందు రంగు తడి పోవాలి. వల ఎక్కడైనా వదులైతే అక్కడ పొలుసు గీతలు అలుక్కుపోతాయి.

ఎయిర్‌బ్రష్. రంగు పరంగా దీనికి పోటీ లేదు, బరువు కూడా అతి తక్కువ చేరుతుంది. కానీ చిన్న కంప్రెసర్, గన్, ప్రతి రంగు మార్పుకూ కడుగుడు, నాజిల్ అడ్డుపడితే సూది తీసి తుడవడం, ఇవన్నీ ఉంటాయి. స్నేహితుల లూర్లు కూడా కలిపి ఏటా రెండు మూడు డజన్లు చేసేవారికే అది గిట్టుబాటు. ఉన్న నాలుగు లూర్ల కోసం కొనడం కన్నా ఆ డబ్బుతో కొత్త లూర్లు కొనడం మేలు.

ఏ పద్ధతైనా ముందు తెల్లటి బేస్ తప్పదు, ముఖ్యంగా మెరిసే ఆకుపచ్చ, నారింజ లాంటి ఫ్లోరసెంట్ రంగులకు. తెలుపు లేకపోతే అవి మట్టి పట్టినట్లు కనిపిస్తాయి. వానల తర్వాత బురద కలిసిన చెరువులో నలుపు, నిమ్మపసుపు లాంటి గట్టి తేడా ఉన్న రంగులు పనికివస్తాయి. నీళ్లు తేటపడ్డాక వెండి, బూడిద, ఆలివ్ చాలు. లోతుకు పోయేకొద్దీ మొదట మాయమయ్యేది ఎరుపు, కాబట్టి లోతుగా దిగే లూర్‌కు ఎరుపు మీద శ్రమ పెట్టవద్దు. కళ్లకు ప్రత్యేకంగా కొనవలసిన పని లేదు. పచారీ కొట్లో దొరికే నల్ల స్టిక్కర్ బొట్టును కాస్త పెద్ద వెండి బొట్టు మీద అతికించి పైపూత కింద మూసేస్తే సరిపోతుంది.

కొర్రమీనుకు వేసే మెత్తని కప్ప లూర్లకు ఇవేవీ చెప్పను. ప్రతి కాటుకూ నొక్కుకుపోయే ఆ ఒంటిపై ఆక్రిలిక్ గానీ ఎపాక్సీ గానీ పగిలి రాలుతుంది. పొట్ట మీద పర్మనెంట్ మార్కర్‌తో నాలుగు చుక్కలు పెట్టి వాడుకోండి. అతుకు విడి నీళ్లు దిగడం మొదలైతే ఇక రంగు గురించి ఆలోచించే అవసరం ఉండదు.

## పైపూత: లూర్ ఆయుష్షు దీనిదే

1936లో ఫిన్లాండ్‌లో లౌరి రాపాలా తన తొలి లూర్‌ను బెరడు చెక్కి చేసినప్పుడు, పైన చాక్లెట్ చుట్టే రేకు చుట్టి, దాని మీద ఫొటో నెగెటివ్‌లు కరిగించి పూతగా పోశాడు. లూర్ పేరు తెచ్చుకున్నది దాని ఈత వల్లే గానీ, నీళ్లలో నిలిచింది ఆ పూత వల్ల. ఇంట్లో చేసేవారు రంగు మీద గంటలు గడిపి, పైపూతను పది నిమిషాల్లో తేల్చేయడం చూస్తే నాకు బాధగా ఉంటుంది.

హార్డ్‌వేర్ కొట్లో సులువుగా దొరికేది అరాల్డైట్ అనే ఎపాక్సీ జిగురు. ఐదు నిమిషాల్లో గట్టిపడే రకం ఈ పనికి పనికిరాదు. బ్రష్ తిప్పేలోపే బిగుసుకుని గీతలు, బుడగలు మిగులుతాయి. నెమ్మదిగా గట్టిపడే మామూలు రకం రెండు ట్యూబుల నుంచి సమానంగా తీసి, నిదానంగా కలిపి, పల్చగా ఒక్క పూత వేయవచ్చు. చిక్కగా ఉంటుంది, కాస్త పసుపు ఛాయ వస్తుంది. ముదురు రంగు లూర్‌కు అది తెలియదు, తెల్లటి లూర్‌కు తెలుస్తుంది.

చేతిపనుల కోసం అమ్మే ఆర్ట్ రెసిన్ తేటగా, నీళ్లలా ఉంటుంది. మెరుపులో దీనిదే పైచేయి. డబ్బాపై రాసిన నిష్పత్తి, అది బరువులోనా కొలతలోనా అన్నది చూసి కలపాలి. హార్డెనర్ (రెసిన్‌ను గట్టిపరిచే రెండో భాగం) ఎక్కువ వేస్తే త్వరగా గట్టిపడుతుందన్న ఆలోచన తప్పు, ఎప్పటికీ జిగటగానే మిగులుతుంది. పల్చగా ఉన్నందువల్ల గట్టిపడే దాకా లూర్‌ను తిప్పుతూ ఉండాలి, లేకపోతే అంతా పొట్ట కిందికి దిగి బొట్టుగా వేలాడుతుంది. ఇందుకు ఎయిర్ కూలర్‌లో రెక్కలను ఊపే చిన్న సింక్రోనస్ మోటారు బాగా పనికివస్తుంది. అది నిమిషానికి కొద్ది చుట్లే తిరుగుతుంది, పాత కూలర్లు బాగుచేసే చోట దొరుకుతుంది. కరెంటు వైర్లు తెరిచి ఉంచకుండా ఎలక్ట్రీషియన్ చేత బిగించుకోవాలి. మోటారు లేకపోతే పక్కన కూర్చుని చేత్తో తిప్పాలి, అంతే. మే నెలలో కలిపిన రెసిన్ గిన్నెలోనే త్వరగా వేడెక్కి గట్టిపడుతుంది కాబట్టి ఒకసారికి రెండు లూర్లకు సరిపడా మాత్రమే కలపాలి.

యూవీ రెసిన్ అతినీలలోహిత కిరణాలకు గట్టిపడేది; దానికి మన ఎండే దీపం, నిమిషాల్లో గట్టిపడుతుంది. ముక్కు దగ్గర ఊడిన పెచ్చు లాంటి చిన్న మరమ్మతుకు ఇంతకన్నా మంచిది లేదు. మొత్తం లూర్‌కు వేస్తే మాత్రం ఒక వైపు ఎండ తగిలి గట్టిపడుతుండగా రెండో వైపు కారుతుంటుంది. పొరలు పల్చగా ఉండాలి.

కార్లకు వేసే రెండు భాగాల క్లియర్ కోట్ గట్టిదనంలో, పల్చదనంలో, పసుపు రాకపోవడంలో అన్నింటికన్నా ముందుంటుంది. దాని హార్డెనర్‌లో ఐసోసైనేట్లు ఉంటాయి, గుడ్డ మాస్క్ వాటిని ఆపదు, ఊపిరితిత్తులకు హాని. కాబట్టి దీన్ని ఇంట్లో స్ప్రే చేయవద్దని గట్టిగా చెబుతాను. రంగు వేసిన లూర్లు పదో పన్నెండో కాగానే తీగకు వరుసగా వేలాడదీసి, తగిన రెస్పిరేటర్ వాడే కారు పెయింటింగ్ షెడ్డుకు తీసుకువెళ్లి, వాళ్లు కారుకు క్లియర్ కొట్టే రోజున వాటి మీద కూడా కొట్టించుకోండి. తూకం కుదిరిన లూర్లకు నేను ముందుగా సూచించేది ఇదే. మార్కర్‌తో గీసిన గీతలు మాత్రం ఇందులోని ద్రావకానికి అలుక్కుపోతాయి కాబట్టి వాటి మీద ముందు నీటి ఆధారిత వార్నిష్ ఒక పూత ఉండాలి.

నెయిల్ పాలిష్ టాప్ కోట్ స్పూన్లకు సరే. గట్టి లూర్‌కు అది ఒక సీజన్ కూడా ఆగదు.

పైపూత చేతికి అంటుకోనంత మాత్రాన పని అయిపోయినట్లు కాదు. ఎపాక్సీ వేసిన లూర్‌ను కొన్ని రోజులు దుమ్ము పడని చోట వేలాడదీసి, గోరు నొక్కినా ముద్ర పడనప్పుడు మాత్రమే గాలాలు తగిలించాలి. కొక్కెం రింగులో పూత గడ్డకట్టి ఉంటే సూదితో తీయాలి, లేకపోతే గాలం స్వేచ్ఛగా ఊగదు. గాలాన్ని లూర్‌కు కలిపే పాత స్ప్లిట్ రింగులు తుప్పు పట్టి ఉంటే మార్చేయాలి. తర్వాత బకెట్ నీళ్లలో వేసి చూడండి: ముందు ఎలా తేలేదో అలా తేలాలి, పక్కకు వాలకూడదు. తోక కిందికి దిగితే వెనుక గాలం ఒక సైజు చిన్నది వేయండి. ముక్కు దిగితే ముందు గాలం మార్చండి. పక్కకు వాలితే ఆ వైపు పూతను 600తో రుద్ది తగ్గించి, మళ్లీ బకెట్‌లో వేయండి.